అల్‌ఫిల్: స్పానిష్ చదరంగంలోని ఏనుగు మాటపై శబ్దవిమర్శ

స్పానిష్ భాషలో ఏనుగును ‘ఎలెఫాంతె’ అంటారు. గ్రీకు, లాటిన్ భాషల మీదుగా యూరప్ అంతటా వ్యాపించిన మాట అది. అదే భాషలో ఏనుగుకు సంబంధించిన మరొక మాట కూడ ఉన్నది. కాని దానిని పలికేవారికి ఏనుగు స్ఫురించదు. చదరంగంలో తెలుగువారు శకటు అని పిలిచే పావుకు స్పానిష్ వారి పేరు ‘అల్‌ఫిల్’. ఎత్తులను కాగితం మీద వ్రాసుకొనేటప్పుడు వారు ఆ పావుకు రోమన్ లిపిలోని ‘ఎ’ అక్షరాన్ని గుర్తుగా వాడుతారు. ఆ అక్షరం అరబ్బీ ‘అల్’ లోని మొదటి అక్షరమే. ‘అల్‌ఫీల్’ అనగా ఏనుగు. అండలూసియా ముస్లిముల నోట ఈ మాట ఆటతోపాటు స్పెయిన్ చేరి అక్కడ పావు పేరుగా స్థిరపడింది. మాటలోని ‘అల్’ అరబ్బీలో నిశ్చయార్థక ఉపపదమన్న సంగతి స్పానిష్ భాష పట్టించుకోలేదు. దాని ముందు తన సొంత ఉపపదాన్ని మళ్లీ చేర్చి ‘ఎల్ అల్‌ఫిల్’ అన్నది. చదరంగానికి స్పానిష్ పేరైన ‘అహెద్రెస్’ కూడ అరబ్బీ ‘అష్షత్రంజ్’ నుండి వచ్చినది. ఆ అరబ్బీ మాట పహ్లవీ ద్వారా సంస్కృత ‘చతురంగ’ శబ్దం నుండి వచ్చినదే.

ఎక్కడో స్పెయిన్‌లోని ఒక పావు పేరుతో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాఠకునికి పని ఏమిటన్న ప్రశ్న సహజమే. ఆ ఊళ్లలోని ముస్లిం ఇళ్లలో దక్కనీ మాట్లాడేవారికి ఏనుగు ‘హత్తి’. బడిలో అది ‘ఏనుగు’. మదరసాలో ‘ఫీల్’. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కనుక అక్కడి సంతలో కన్నడ ‘ఆనె’, తమిళ ‘యానై’ కూడ చెవిని పడుతాయి. ఇన్ని పేర్ల నడుమ పెరిగే పిల్లవానికి, వీటిలో ఒక్కటే నీది, తక్కినవి పరాయివి అని చెప్పేవారు ఎప్పుడూ ఉంటారు. తెలుగులో వ్రాసే ముస్లిం రచయితను, నీ తెలుగులో ఉర్దూ ఎక్కువైనదని ఒకరు, అరబ్బీ తక్కువైనదని మరొకరు నిలదీస్తారు. ఈ రెండు ఆక్షేపణలకూ పునాది ఒక్కటే. మాట ఎక్కడ పుట్టినదో అక్కడివారిదే దాని మీద హక్కు అన్న నమ్మకం. ‘అల్‌ఫిల్’ చరిత్రను పరిశీలిస్తే ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

ఆటలో మారిన ఏనుగు

పూర్వపు షత్రంజ్‌లో ఫీల్ మూలగా రెండవ గడికి దూకేది. నడుమ ఏ పావు ఉన్నా దానికి అడ్డు లేదు. అయితే ఆ దూకుడు వలన అరువది నాలుగు గళ్లలో కేవలం ఎనిమిదింటిని మాత్రమే అది చేరగలిగేది. పేరుకు ఏనుగు, బలానికి అల్పప్రాణి. కాస్తీల్ రాజు పదవ అల్ఫోన్సో 1283లో పూర్తి చేయించిన ఆటల గ్రంథంలో ఈ పాత పద్ధతి ఆటయే వర్ణింపబడినది. పదిహేనవ శతాబ్ది చివర స్పెయిన్‌లో ఆట నియమాలు మారి, ఈ పావు మూలవెంట ఎంత దూరమైనా పోగల శక్తిని పొందినది. నడక మారినా పేరు మాత్రం మారలేదు.

పక్క దేశాలలో పేరు కూడ మారిపోయినది. ముస్లిం శిల్పులు జీవుల ప్రతిమలు చెక్కడానికి ఇష్టపడక పావులను గుర్తులుగా మాత్రమే చేసేవారు. ఫీల్ పావు ఒక మొద్దు, దాని నెత్తిన రెండు మొనలు. ఆ మొనలు దంతాలకు సంకేతం. ఆ సంకేతం తెలియని యూరప్ వారు ఎవరికి తోచినట్లు వారు దానిని చదువుకున్నారు. ఇంగ్లీషు వారికి అది క్రైస్తవ మతాచార్యుని చీలిన టోపీగా కనిపించినదని చెబుతారు. ఫ్రెంచివారు ‘ఫీల్’ శబ్దాన్ని తమ ‘ఫూ’గా మార్చుకొనగా పావు విదూషకుడైనది. ఇటలీవారు ‘అల్‌ఫిల్’ను తమకు తెలిసిన ‘అల్ఫియేరె’ అనే మాటకు దగ్గర చేసి ధ్వజధారిని చేసినారు. రష్యనులు మాత్రం దానిని నేటికీ ఏనుగు అనే అర్థమిచ్చే ‘స్లోన్’ అనే పేరుతో పిలుస్తారు.

భారతదేశంలోనూ ఏనుగు ఒకచోట కుదురుగా లేదు. సుమారు 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన అల్‌బిరూనీ, ఇక్కడి ఆటలో ఏనుగు ముందుకు ఒక గడి లేదా నాలుగు మూలలలో ఒక గడి నడుస్తుందని తెలిపి, ఆ అయిదు గళ్లను దాని తొండానికీ నాలుగు కాళ్లకూ పోల్చినాడు. అరబ్బుల ఆటకూ దీనికీ పోలిక లేదు. ఇక తెలుగువారి బల్లమీద చూస్తే మరొక చిత్రం కనిపిస్తుంది. అరబ్బులు ఫీల్‌ను ఉంచిన గడిలో తెలుగువారి శకటు, అనగా బండి, ఉన్నది. అరబ్బులు ‘రుఖ్’ను ఉంచిన మూలగడిలో తెలుగువారి ఏనుగు ఉన్నది. పూర్వం ఆ రుఖ్ రథానికి పేరు. బండి, ఏనుగు ఒకదాని స్థానం ఒకటి పుచ్చుకున్నవి. ఉర్దూ, హిందీలలో శకటు గడిలో ‘ఊంట్’, అనగా ఒంటె, వచ్చి నిలిచినది.

ఇక్కడ అనువాదకుడు నేర్చుకోవలసిన పాఠం ఒకటున్నది. స్పానిష్ చదరంగ గ్రంథాన్ని తెలుగు చేయబూనినవాడు నిఘంటువు తెరచి, ‘అల్‌ఫిల్’ అంటే మూలంలో ఏనుగు కదా అని ‘ఏనుగు’ అని వ్రాస్తే ఆట అంతా తలక్రిందులవుతుంది. తెలుగు ఆటగాడు మూలగడిలోని పావును కదుపుతాడు. శబ్దమూలం నూటికి నూరుపాళ్లు నిజం, అనువాదం నూటికి నూరుపాళ్లు తప్పు. మాట పుట్టుకను తెలుసుకొనుట వేరు, మాట అర్థాన్ని తెలుసుకొనుట వేరు. ఈ రెంటినీ కలిపివేయుటయే శబ్దచర్చలలో అధికంగా కనిపించే దోషం.

దంతం, శకునం

‘ఫీల్’ స్పానిష్‌లో మరొక వేషంలో కూడ ఉన్నది. ఏనుగు దంతాన్ని స్పానిష్ వారు ‘మర్ఫిల్’ అంటారు. ‘అజ్ముల్ ఫీల్’, అనగా ఏనుగు ఎముక, అనే అరబ్బీ సమాసం నోట నలిగి ఈ రూపం పొందినదని స్పానిష్ నిఘంటుకర్తలు నిర్ణయించినారు. దంతానికి అరబ్బీలో ‘ఆజ్’ అనే ప్రత్యేక శబ్దం ఉన్నా, స్పెయిన్‌లో నిలిచినది మాత్రం ఈ వర్తకుల సమాసమే. ఏనుగులు తిరగని దేశంలో ఏనుగు పేరు రెండు వస్తువుల మీద నిలిచినది. ఒకటి ఆటపావు, రెండవది దంతం. ఆ ఆటపావులో కూడ దంతాల గుర్తు తప్ప ఏనుగు రూపం లేదు.

ఇక పాత స్పానిష్‌లో ‘అల్‌ఫిల్’ అనే మరొక మాట ఉండేది. దాని అర్థం శకునం. రూపం చూచి దీనిని కూడ ఏనుగుతో ముడిపెట్టి, ఏనుగు ఎదురైతే శుభశకునమని కథ అల్లవచ్చును. కాని ఇది అరబ్బీ ‘ఫఅల్’ నుండి వచ్చిన వేరు శబ్దం. ఉర్దూలో ‘ఫాల్ చూడడం’ అనే వాడుకలోని ‘ఫాల్’ ఇదే. అండలూసియా అరబ్బీలో ‘ఆ’కారం ‘ఈ’కారం వైపు ఒరిగేది. అరబ్బీ వ్యాకర్తలు దీనిని ‘ఇమాలా’ అంటారు. ఆ మార్పు వలన ‘ఫాల్’ ‘ఫీల్’గా వినిపించి రెండు మాటలు ఒకే రూపం ధరించినవి. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం కలవదు. ధ్వనిమార్పు క్రమం చూపనిదే ఏ శబ్ద సంబంధాన్నీ అంగీకరించకూడదన్న నియమానికి ఇది చక్కని ఉదాహరణ. ముందుకు రాబోయే పెద్ద వాదాన్ని తూచడానికి ఈ నియమమే తూకపురాయి.

అరబ్బీలో ఫీల్

అరబ్బీలోనికి ‘ఫీల్’ ఎక్కడి నుండి వచ్చినది? ఫారసీ ‘పీల్’ నుండి అన్నది పండితుల నిర్ణయం. అరబ్బీలో ‘ప’కారం లేదు గనుక ‘ప’ ‘ఫ’ అయినది. ఆర్థర్ జెఫరీ ఖుర్ఆన్‌లోని అన్యభాషా శబ్దాలపై వ్రాసి, 1938లో బరోడా ప్రాచ్య విద్యాసంస్థ గ్రంథమాలలో ప్రకటించిన గ్రంథంలో కూడ ‘ఫీల్’ చేరి ఉన్నది. సిరియాక్ భాషలో కూడ ఏనుగు ‘పీలా’యే.

ఇందులో ఒక విశేషం గమనింపదగినది. దివ్యఖుర్ఆన్ 105వ సూరాకు ‘అల్‌ఫీల్’ అని పేరు. కాబాపై దండెత్తిన అబ్రహా సేన ఏనుగుతో వచ్చిన ఆ సంవత్సరం సంప్రదాయంలో ‘ఆముల్ ఫీల్’గా ప్రసిద్ధం. సుమారు క్రీ.శ. 570 ప్రాంతమని చెబుతారు. అబ్రహా హబషా రాజ్యం తరఫున యెమన్‌లో వెలసిన పాలకుడు. హబషా ప్రాచీన భాషయైన గీజ్‌లో ఏనుగును ‘నగే’ అంటారు. అయితే మక్కావాసులు ఆ జంతువును ఆ పేరుతో పిలువలేదు. తమకు అంతకు ముందే తెలిసిన ‘ఫీల్’ అనే పేరుతోనే పిలిచినారు. జంతువు దక్షిణం నుండి వచ్చినది, దాని పేరు తూర్పు నుండి అంతకు ముందే వచ్చి ఉన్నది. వస్తువు వచ్చిన దారినే మాట కూడ వస్తుందని అనుకొనుట పొరపాటు.

ఖుర్ఆన్‌లో పరభాషా శబ్దాలు ఉన్నవా అన్న చర్చ ముస్లిం విద్వాంసులకు కొత్తది కాదు. ఇమామ్ షాఫిఈ (మరణం హి. 204) తమ ‘అర్రిసాలా’లో గ్రంథమంతా అరబ్బీయేనని గట్టిగా వాదించినారు. ఒకే శబ్దం పలు భాషలలో కనిపిస్తే అది ఆయా భాషలలో ఏకకాలంలో ఉన్న సామ్యమే కాని అరువు కాదన్నది ఇమామ్ తబరీ (మరణం హి. 310) అభిప్రాయం. అబూ ఉబైద్ ఖాసిమ్ బిన్ సల్లామ్ (మరణం హి. 224) ఇరుపక్షాలనూ సమన్వయపరచినారు. ఆ మాటలు పుట్టుకచే పరాయివే, కాని అరబ్బులు వాటిని తమ నోటికి తగినట్లు మలచుకొని తమవి చేసుకున్నారు, ఖుర్ఆన్ అవతరించేనాటికి అవి అరబ్బీ మాటలే అన్నది వారి సిద్ధాంత సారం. తరువాతి కాలంలో జవాలీఖీ ‘అల్ ముఅర్రబ్’, సుయూతీ ‘అల్ ముహజ్జబ్’ ఈ శబ్దాలను ఒక్కచోట చేర్చినవి. ఇదే సూరాలోని ‘సిజ్జీల్’ను ఫారసీ ‘సంగ్’, ‘గిల్’ అనే రెండు మాటల నుండి వివరించిన తఫ్సీర్ సంప్రదాయం కూడ ప్రసిద్ధమైనదే.

అబూ ఉబైద్ మార్గమే భాషాశాస్త్రానికి అత్యంత సన్నిహితంగా ఉన్నది. ‘ఫీల్’ అరబ్బీ అయినదనడానికి ఆధారం దాని పుట్టుకలో లేదు, దాని సంతానంలో ఉన్నది. ‘అఫ్యాల్’, ‘ఫుయూల్’, ‘ఫియలా’ అని అరబ్బీ పద్ధతిలో అది బహువచనాలు కన్నది. మావటివానికి ‘ఫయ్యాల్’ అనే మాటనిచ్చినది. వైద్యంలో బోదకాలు ‘దాఉల్ ఫీల్’ అయినది. ఒక భాష వ్యాకరణానికి ఇంతగా లోబడిన మాటను ఆ భాష నుండి ఎవరు వేరు చేయగలరు?

ద్రావిడ వాదం

ఫారసీ ‘పీల్’కు ముందు ఏమున్నది? ఇక్కడే వాదం తెలుగువారి వాకిటిలోనికి వస్తుంది. మెసపొటేమియాలోని అక్కదీ భాషలో ఏనుగు ‘పీరు’. దంతాన్ని వారు ‘ఏనుగు పన్ను’ అనే అర్థమిచ్చే సమాసంతో పిలిచేవారు. క్రీ.పూ. 522 నుండి 486 వరకు ఏలిన దారయవుష్ తన సూసా రాజప్రాసాద శాసనంలో దంతాన్ని ‘పీరు’ అనియే పేర్కొని, అది కుష్, సింధు, అరఖోసియా దేశాల నుండి తేబడినదని చెక్కించినాడు. సంస్కృతంలో ‘పీలు’ శబ్దానికి ఒక చెట్టు అనీ, ఏనుగు అనీ అర్థాలను అమరకోశం చెబుతుంది. ఆ చెట్టే అరబ్బీలో ‘అరాక్’, ఉర్దూలో ‘పీలూ’. ముస్లిములు మిస్వాక్ పుల్లలు తీసుకొనేది దాని నుండే.

బహతా అంశుమాలి ముఖోపాధ్యాయ్ 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధన పత్రికలో ప్రకటించిన వ్యాసంలో ఈ దారాలన్నిటినీ ఒక్కచోట పేనినారు. వారి వాదం క్లుప్తంగా ఇది. అక్కదీ, ప్రాచీన ఫారసీ రూపాలకు మూలం ద్రావిడ భాషల పన్ను మాట. తెలుగులో ‘పల్లు’, ‘పన్ను’, తమిళంలో ‘పల్’, కన్నడలో ‘హల్లు’ దాని రూపాలు. సింధు నాగరికత ప్రజలు పశ్చిమాసియాకు దంతం ఎగుమతి చేసినారు. సరుకుతోపాటు వారి మాట కూడ పోయినది. పన్ను తోముకొనే చెట్టుకూ, పన్ను కోసం వేటాడబడిన జంతువుకూ ‘పీలు’ అనే ఒకే పేరు ఉండుట ఇందుకు నిదర్శనం. కనుక సింధు ప్రాంతంలో ద్రావిడభాష మాట్లాడేవారు గణనీయంగా ఉండేవారు.

ఈ వాదం మనోహరమైనది. ఇది నిజమైతే స్పానిష్ ఆటగాడు నేడు పలికే ‘అల్‌ఫిల్’లో తెలుగు ‘పల్లు’కు దూరపు చుట్టం దాగి ఉన్నట్లే. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పంలో ఇట్టి మాట వినగానే సంతోషం కలుగుట సహజం. కాని విమర్శకుని పని సంతోషించుట కాదు, తూచుట.

దీని బలం వస్తువు చరిత్రలో ఉన్నది. ఒక జంతువు దూరదేశాలకు ముందుగా చేరేది దాని ప్రాణంతో కాదు, దాని సరుకుతో. స్పెయిన్‌లో ‘మర్ఫిల్’ జరిపిన ప్రయాణం ఇందుకు సాక్ష్యం. సూసా శాసనంలో ‘పీరు’ జంతువుకు కాక దంతానికి పేరుగా ఉండుట కూడ ఈ వాదానికి అనుకూలమే. పీలు చెట్టును గురించిన పరిశీలన సూక్ష్మబుద్ధికి నిదర్శనం.

బలహీనతలు మూడు. మొదటిది ధ్వనికి సంబంధించినది. ‘పల్’ లోని అకారం ‘పీల్’ లోని దీర్ఘ ఈకారం ఎట్లయినదో మెట్టు మెట్టుగా చూపవలసి ఉన్నది. ‘ఫాల్’ ‘ఫీల్’ అయినప్పుడు ఇమాలా అనే నియమం అండగా ఉన్నది. ఇక్కడ అంతటి గట్టి నియమం కనిపించదు. రెండవది, దక్షిణాది ద్రావిడ భాషలలో జీవించి ఉన్న ఏనుగు పేర్లు ‘ఏనుగు’, ‘ఆనె’, ‘ఆన’, ‘యానై’ అన్నీ ఒకే కుటుంబానివి. వీటికి పన్నుతో సంబంధం లేదు. ఎగుమతి అయిన మాట ఇంట్లోనే ఎందుకు నిలువలేదన్న ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం కావాలి. మూడవది, పశ్చిమాసియాకు ఏనుగు అపరిచితం కాదు. సిరియాలో ప్రాచీనకాలంలో ఏనుగులు తిరిగేవి. క్రీ.పూ. 15వ శతాబ్దిలో ఈజిప్టు రాజు మూడవ తుత్‌మోస్ అక్కడ ఏనుగులను వేటాడినాడు. తమ చెంతనే ఉన్న జంతువుకు దూరదేశపు పేరు ఎందుకు పెట్టుకున్నారన్న సందేహం తీరవలసి ఉన్నది. హబషా ఏనుగుకు అరబ్బులు తూర్పు పేరు పెట్టిన దృష్టాంతం ఈ సందేహాన్ని కొంత తగ్గిస్తుందే కాని పూర్తిగా తొలగించదు.

కనుక దీనిని నిరూపితమైన సిద్ధాంతంగా కాక, ఆలోచింపదగిన ప్రతిపాదనగా గ్రహించుట న్యాయం. ముఖ్యంగా, ఇది నిజమని తేలినా ‘ఫీల్’ తెలుగు మాట అయిపోదు. అట్లే ఇది అబద్ధమని తేలినా తెలుగు భాషకు లోటు రాదు.

పేరు దేనిని చూపుతుంది

ఈ చర్చలో విలువైన అంశం మరొకటి ఉన్నది. జంతువుల పేర్లు తరచు జంతువును కాక, మనిషి దానిలో చూచిన ఒక్క గుణాన్ని చూపుతాయి. సంస్కృత ‘హస్తి’ అంటే చేయి గలది. తొండాన్ని చేయిగా చూచినవాడు పెట్టిన పేరది. దక్కనీ ‘హత్తి’ దాని మనుమడే. ‘దంతి’ అంటే దంతం గలది. ముఖోపాధ్యాయ్ వాదం నిజమైతే ‘పీలు’ కూడ అట్టిదే. కాని ఆసియా జాతి ఆడ ఏనుగులకు పైకి కనిపించే దంతాలు ఉండవు, మగవాటిలోనూ కొన్నింటికి ఉండవు. దంతం పేరుతో ఏనుగును పిలిచినవాడు సగం ఏనుగులనే చూచినాడు. అది వేటగాని, వర్తకుని చూపు.

పుంగనూరు ఆవు పేరులో కూడ ఇట్టి సంగతే ఉన్నది. సుమారు 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తుండే ఆ కురచ జాతికి ఊరిపేరే పేరైనది. దూరప్రాంతాలలో ‘ఒక పుంగనూరు కొన్నాను’ అనేవాని ఉద్దేశం ఊరు కాదు, ఆవు. స్పానిష్‌లో అడవిపందిని ‘హబలీ’ అంటారు. అది అరబ్బీ ‘జబలీ’, అనగా కొండది. అక్కడ జంతువు పోయి కొండ మిగిలినది, ఇక్కడ జంతువు మీద ఊరు నిలిచినది. ఇవన్నీ మూలార్థాన్ని తెలిపితే ఆసక్తి కలిగించేవే. కాని మాట్లాడేవాడు వాటిని తలచడు. పుంగనూరు ఆవుకు మేత వేసేవానికి ఊరి చరిత్రతో నిమిత్తం లేదు.

కుప్పం ప్రాంతంలో ‘ఏనుగు’ అనే మాట అర్థం మరింత ప్రత్యక్షమైనది. రెండు శతాబ్దాలకు పైగా ఏనుగులు లేని ఆ అడవులకు 1980ల తొలి భాగంలో తమిళనాడులోని హోసూరు వైపు అడవుల నుండి ఒక గుంపు తరలివచ్చినది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడినది. అప్పటి నుండి కుప్పం, పలమనేరు పొలాల రైతుకు ఏనుగు అంటే బొమ్మల పుస్తకంలోని జంతువు కాదు. రాత్రివేళ చెరుకుతోటలో విరిగే గడల చప్పుడు, తెల్లవారేసరికి తొక్కబడిన వరిమడి. పంటల మీద పడే ఏనుగులను అదుపు చేయడానికి 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు ‘కుంకీ’ ఏనుగులను అప్పగించినది.

ఆ ‘కుంకీ’ మాట ఫారసీ ‘కుమక్’ నుండి వచ్చినది. సాయం, తోడు అని దాని అర్థం. ఫారసీకి అది తుర్కీ నుండి వచ్చినది. తెలుగులో ‘కుమ్మక్కు’ కూడ ఇదే మాట. మొదట సాయమనే అర్థంలోనే ఉండి, నేడు చాటుమాటు పొత్తు అనే అర్థంలో స్థిరపడినది. ‘ఇద్దరూ కుమ్మక్కయ్యారు’ అని వ్రాసే తెలుగు పత్రికా రచయితను, నీవు పరాయి మాట వాడితివని ఎవరూ ఆక్షేపించరు. ఏనుగు మీది ‘అంబారీ’ కూడ అరబ్బీ, ఫారసీల ‘అమారీ’యే. హైదరాబాదు నడిబొడ్డున, ఏనుగులను కట్టిన చోటు పేరు ‘ఫీల్‌ఖానా’గా నేటికీ నిలిచి ఉన్నది. అట్లయినప్పుడు, అదే దారిన వచ్చిన మరొక మాటను ముస్లిం రచయిత వాడితే మాత్రం అది తెలుగు కాదనుట ఏ న్యాయం? ఇక్కడ కొలవబడుతున్నది మాట పుట్టుక కాదు, పలికేవాని పుట్టుక. ఈ ద్వంద్వనీతిని శబ్దశాస్త్రం పేర సమర్థించుట తగదు.

అనువాదకుని కర్తవ్యం

అయితే ముస్లిం రచయిత కూడ తన వంతు న్యాయం పాటించవలసి ఉన్నది. అరబ్బీ మాట పవిత్రభాషలోనిది కనుక దానిని తెలుగులో అట్లే ఉంచితే భక్తి అధికమవుతుందని కొందరి తలంపు. 105వ సూరా కథను తెలుగులో చెబుతూ ‘ఫీల్ సైన్యం’ అని వ్రాస్తే కుప్పం రైతుబిడ్డకు ఏమి తెలుస్తుంది? ‘ఏనుగుల సైన్యం’ అంటే చాలు. ఆ బలం ఎంతటిదో, దాని ఎదుట నిలువడం ఎంత కష్టమో ఆ బిడ్డకు ఎవరూ వివరింపనక్కరలేదు. అంతటి బలం పక్షుల ముందు కూలిపోయినదన్నప్పుడు కలిగే ఆశ్చర్యం కూడ పూర్తిగా కలుగుతుంది. మక్కావాసులకు ‘ఫీల్’ ఎట్లు వినిపించినదో, తెలుగువానికి ‘ఏనుగు’ అట్లు వినిపిస్తుంది. పైగా ‘ఫీల్’ తానే అరబ్బులకు పుట్టుకతో సొంతమైనది కాదు. పరాయి మాటను తమ శ్రోతకు తెలిసిన మాటగా చేసుకొనుటలో వారు చూపిన ఔదార్యం తెలుగు పాఠకుని పట్ల ఎందుకు చూపకూడదు?

పేర్ల విషయం వేరు. సూరా పేరు ‘అల్‌ఫీల్’ అనియే ఉండవలెను. పక్కన ‘ఏనుగు’ అని వ్రాయుట మంచి పద్ధతి. ‘ఆముల్ ఫీల్’ చరిత్రలో ఒక సంవత్సరానికి పేరు కనుక అది కూడ అట్లే ఉండి ఒకసారి వివరింపబడాలి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉండి తమ ‘జనగణమన’ గీతాన్ని తామే ఇంగ్లీషు చేసినప్పుడు ఇదే పద్ధతి పాటించినారు. పంజాబు, సింధు, ద్రావిడ వంటి పేర్లు పేర్లుగానే నిలిచినవి, తక్కిన మాటలు అర్థాన్ని పట్టుకొని మారినవి. మూలకర్త తానే అనువాదకుడైనప్పుడు కూడ ఈ విభజన తప్పలేదు.

మరొక దృష్టాంతం రాయలసీమ నుండే తీసుకోవచ్చును. 1925లో వెలువడిన తొలి తెలుగు ఖుర్ఆన్ అనువాదకర్త చిలుకూరి నారాయణరావు భాషాచరిత్రకారుడు కూడ. 1937లో ప్రకటించిన ‘ఆంధ్రభాషా చరిత్రము’లో ఆయన తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది కాదని, ప్రాకృతాల నుండి పుట్టినదని వాదించినారు. తరువాతి భాషాశాస్త్రం ఆ వాదాన్ని అంగీకరించలేదు. తెలుగు ద్రావిడభాషయే అన్నది స్థిరపడినది. అయినంత మాత్రాన అనువాదానికి ఆయన ఎన్నుకున్న తెలుగు మాటలకు అర్థం మారిపోలేదు. పుట్టుకను గురించిన సిద్ధాంతం ఓడిపోవచ్చును. పాఠకునికి అర్థమైన వాక్యం మాత్రం నిలిచి ఉంటుంది.

‘అల్‌ఫిల్’ను ఒక జాతి ఘనతకు ధ్వజంగా ఎత్తుకొనుట తప్పు. అది అరబ్బీ ఘనత అంటే ఫారసీ అడుగుతుంది. ఫారసీ ఘనత అంటే అక్కదీ అడుగుతుంది. ద్రావిడ ఘనత అంటే ధ్వనిశాస్త్రం సాక్ష్యం అడుగుతుంది. ఈ మాట ఇన్ని భాషలలో బ్రతికినది ఎవరి సొత్తుగానో ఉండి కాదు. చేరిన ప్రతిచోటా అక్కడి వ్యాకరణానికి లోబడి, అక్కడివారి అవసరానికి పనికివచ్చినందువలననే బ్రతికినది. తెలుగులో వ్రాసే ముస్లిం రచయిత తన మాటలను ఎన్నుకొనేటప్పుడు చూడవలసినది ఈ పనికివచ్చుటనే. ‘నమాజు’, ‘రోజా’, ‘దువా’ తెలుగు పల్లెలలో వాడుకలో నలిగిన మాటలు. వాటిని తీసివేయనక్కరలేదు. ‘ఫీల్’ నలగలేదు, దానికి ‘ఏనుగు’ ఉన్నది. ఏది నలిగినది, ఏది నలగలేదు అన్నది నిఘంటువు తెరచి తేల్చే విషయం కాదు. మదనపల్లె వీధిలో, పుంగనూరు సంతలో, కుప్పం పొలంలో విని తెలుసుకోవలసినది.